గోళ్లు ఊడుతుంటే ఫంగస్ క్రీమా, ప్లాస్టరా, నెయిల్ కట్టరా?

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు ఉండే మన తెలుగు అమ్మలు ఎక్కువగా అడిగేది ఇదే. ప్లేస్కూల్లో హ్యాండ్ ఫుట్ మౌత్ (చేతులు, కాళ్లు, నోట్లో పొక్కులు తెచ్చే వైరస్ జబ్బు) అంటుకుంది, పొక్కులు మానిపోయాయి, తీరా ఇప్పుడు గోళ్లు మొదట్లో లేచి ఊడిపోతున్నాయి. ఏం చేయాలి?

ముందు క్యాలెండర్ చూడండి. నా లెక్కలో దీన్ని తేల్చేది తేదీయే. జ్వరం వచ్చాక సుమారు 3 నుంచి 8 వారాల్లో ఇది మొదలైతే దాదాపుగా ఆ జబ్బు ప్రభావమే. ఒంట్లో వైరస్ ఉన్నప్పుడు గోరు పుట్టే చోట పెరుగుదల కొన్నాళ్లు ఆగుతుంది. మళ్లీ మొదలయ్యాక కొత్త గోరు కిందనుంచి వచ్చి పాతదాన్ని ముందుకు నెడుతుంది. 2008లో ఫిన్లాండ్‌లో ఈ జబ్బు తెచ్చే వైరస్‌లలో ఒకటైన కాక్సాకీ ఎ6 వ్యాపించినప్పుడు కూడా పిల్లలకు ఇలాగే గోళ్లు ఊడాయి.

పిల్ల వేలిని కిటికీ దగ్గర వెలుతురులో పట్టి చూడండి. గోరుకు అడ్డంగా గాడి, దాని వెనక పలచగా కొత్త గోరు కనిపిస్తాయి. ఫంగస్ తీరు వేరు. అది ఎక్కువగా చివరనుంచో పక్కనుంచో మొదలై, గోరును పసుపుగా, మందంగా చేస్తూ నెమ్మదిగా పాకుతుంది. పసిపిల్లల్లో అరుదు కూడా. పైగా క్రీమ్ గోరులోకి సరిగా దిగదు, మాత్రలైతే వారాల తరబడి వాడాలి. గోరు గీకి పరీక్ష చేయించకుండా ఆ దారి పట్టొద్దని గట్టిగా చెబుతాను.

మా అమ్మాయికి నేను ఎంచుకున్నది నెయిల్ కట్టరే. స్నానమయ్యాక గోరు మెత్తగా ఉన్నప్పుడు, లేచిన ముక్క వరకే కత్తిరించాలి. ఇంకా అంటుకుని ఉన్నదాన్ని లాగితే రక్తం వస్తుంది, పిల్ల మళ్లీ చెయ్యి ఇవ్వదు.

సగం లేచిన గోరు దుప్పటి పోగులకు తగులుకుంటుంటే ప్లాస్టర్ పనికొస్తుంది. తడిసిందాన్ని అలాగే ఉంచొద్దు. వేలు చీకే పిల్లలకైతే అసలు వద్దు, ఊడి గొంతులోకి పోతుంది.

బయోటిన్ (ఒక విటమిన్), కాల్షియం సిరప్పులా? ఇది లోపం వల్ల వచ్చింది కాదు, అక్కర్లేదు.

చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, కాలి గోరు ఇంకా నిదానం. కాబట్టి నెలలు పడుతుంది. గోరు చుట్టూ ఎర్రబడి వాచినా, చీము పట్టినా, ఈ మధ్య ఏ జబ్బూ రాకుండానే గోళ్లు ఊడుతున్నా మాత్రం ఆగకుండా పిల్లల డాక్టరుకు చూపించండి.