ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కా, క్లౌడా?

భీమవరం, అమలాపురం వైపు ఇళ్లలో కంప్యూటర్ నిండా ఏముంటాయి? పెళ్లి ఫొటోలు, పొలం కాగితాల స్కాన్‌లు, రొయ్యల చెరువు మేత లెక్కలు. రాన్సమ్‌వేర్ అనే వైరస్ దూరిందంటే అన్నిటికీ తాళం వేసి డబ్బడుగుతుంది. కట్టినా తీస్తారన్న పూచీ లేదు. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని వణికించేనాటికి దాన్ని ఆపే విండోస్ అప్‌డేట్ మార్చిలోనే వచ్చేసి ఉంది. వేసుకోనివాళ్లే ఎక్కువగా దొరికిపోయారు. సరే, అప్‌డేట్ వేశారనుకుందాం. ఇంకో కాపీ ఎక్కడ దాచాలి?

హార్డ్‌డిస్క్ ఒకసారి కొంటే చాలు, నెట్‌తో పనిలేదు. కానీ చాలామంది దాన్ని సీపీయూకి గుచ్చి అలాగే వదిలేస్తారు. అలా ఉంటే అది బ్యాకప్పే కాదు, సీ డ్రైవ్‌తోపాటు అదీ పోతుంది. కాపీ అవగానే ఇజెక్ట్ కొట్టి, వైరు పీకి బీరువాలో పెట్టాలి. లంక ఊళ్లలోనైతే పై అరలో. గోదారి పొంగితే కింది అరకి దిక్కులేదు.

క్లౌడ్ అంటే నెట్ ద్వారా కంపెనీల సర్వర్లలో దాచుకోవడం, దానికి వరద బెంగ లేదు. అయితే ఫోల్డర్ సింక్‌లో (ఇక్కడి మార్పు అక్కడా దానంతటదే పడేలా) ఉంటే పాడైన ఫైళ్లే పైకెళ్లి మంచివాటి స్థానంలో కూర్చుంటాయి. అప్పుడు ఆదుకునేవి పాత వెర్షన్లే. డబ్బు కట్టే మైక్రోసాఫ్ట్ 365లో వాళ్ల క్లౌడ్ వన్‌డ్రైవ్ మొత్తాన్నీ గత 30 రోజుల్లో ఒక తేదీకి వెనక్కి తిప్పొచ్చు. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీని మాత్రం పెళ్లి వీడియో ఒక్కటే మింగేస్తుంది.

నా ఓటు హార్డ్‌డిస్క్‌కే. పాస్‌బుక్ స్కాన్‌లు, లెక్కలు బరువు తక్కువ కాబట్టి అవి క్లౌడ్‌లో కూడా పడేయండి.