పాత పికప్ కొనేవాళ్లూ జాగ్రత్త: డాష్‌బోర్డులో పచ్చ బాణం కొడితే వెనక ఇండికేటర్ వెలిగినట్టు కాదు

వరంగల్, హనుమకొండ, నర్సంపేట, పరకాల వైపు పాత పికప్ కోసం తిరుగుతున్నవాళ్లు ఇది చదివాకే అడ్వాన్స్ ఇవ్వండి. మిర్చి సీజన్ వస్తే అందరికీ ఒక్కసారే బండి కావాలి, పాత బండ్లు అమ్మేవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు. నేను ఈమధ్య వరంగల్‌లో ఒక షెడ్డు నుంచి 2012 మోడల్ పికప్ తీసుకున్నాను. ఇంజన్ బాగుంది, టైర్లు బాగున్నాయి, కాగితాలు సరిగ్గానే ఉన్నాయి. మోసమంతా ఇండికేటర్లలో ఉంది.

షెడ్డులో ఇండికేటర్లు వేసి చూపించారు. ముందు రెండూ చక్కగా కొట్టాయి. డాష్‌బోర్డులో పచ్చ బాణం కూడా మామూలు వేగంతో టిక్ టిక్‌మంటూ కొట్టింది. వెనక కుడివైపుది మసకగా ఉందేమిటని అడిగితే, "ఎండల గట్లనే కనవడ్తదన్నా, రాత్రి చూడు మంచిగ కొడ్తది" అన్నారు. రాత్రి హెడ్‌లైట్ వేసి బ్రేక్ తొక్కితే అది అసలు వెలగనే వెలగదు.

బస్తాలు వేసుకుని ఎనుమాముల మార్కెట్‌కు వెళ్తున్నప్పుడు బయటపడింది ఈ సంగతి. పొద్దు పోయింది, హెడ్‌లైట్లు వేసి ఉన్నాయి. కుడికి తిరగడానికి ఇండికేటర్ వేసి, బ్రేక్ మీద కాలు పెట్టి మెల్లగా తిప్పుతున్నాను. బైక్ మీద ఇద్దరు పిల్లలు కుడి పక్క నుంచే దూసుకొచ్చారు. అద్దంలో వెలుగు పడటంతో చప్పున ఆపేశాను, జానెడు దూరంలో తప్పింది. నడిపే అబ్బాయి ఆగి, "ఇండికేటర్ ఎయ్యకుంట తిప్పుతవా అన్నా?" అని అరిచాడు. నా కళ్ల ముందు పచ్చ బాణం కొడుతూనే ఉంది.

ఆటోనగర్‌లో ఒక పెద్దాయన, చాలాకాలంగా బండ్ల కరెంటు పనే చేస్తున్నాడు, ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. వెనక కుడి ల్యాంపు గ్లాసు విప్పితే హోల్డర్ నిండా పచ్చటి చిలుము. ఎర్త్ వైరు, అంటే కరెంటు ఛాసీ గుండా బ్యాటరీకి తిరిగిపోయే వైరు, తుప్పు పట్టి ఛాసీ దగ్గర తెగిపోయి ఉంది, పైన నల్ల టేపు చుట్టి కప్పేశారు. ఆయన బ్యాటరీ నెగటివ్ నుంచి ఒక పొడుగు వైరు లాగి ల్యాంపు ఎర్త్‌కు తాకించాడు, అంతే, ఇండికేటర్ భగ్గుమని వెలిగింది. బల్బు పోలేదు, స్విచ్ పోలేదు, పోయింది ఎర్త్.

మరి పగలు మసకగా ఎందుకు కొట్టింది? ఆ ల్యాంపులో ఇండికేటర్, బ్రేక్, టెయిల్ బల్బులు మూడింటికీ ఎర్త్ ఒక్కటే. అది తెగితే ఇండికేటర్ కరెంటు పక్క బల్బుల ఫిలమెంట్లలోంచి దూరి, వాటి వైర్ల మీదుగా ఎడమ ల్యాంపు ఎర్త్‌కు చేరుతుంది. అందుకే కొంచెంగా వెలుగుతుంది. హెడ్‌లైట్ వేసి బ్రేక్ తొక్కామంటే ఆ వైర్లలోకి కూడా కరెంటు వస్తుంది, ఉన్న దొంగదారీ మూసుకుపోతుంది. అంటే చీకట్లో బ్రేక్ వేసి మలుపు తిరిగేటప్పుడు, ఏ క్షణంలో వెనకవాడికి కనపడాలో ఆ క్షణంలోనే ఆరిపోతుందన్నమాట. బండి పట్టపగలే ఎందుకు చూపించారో అప్పుడు అర్థమైంది.

నాకు ఎక్కువ కోపం తెప్పించింది మాత్రం ఫ్లాషర్, అంటే ఇండికేటర్‌ను టిక్ టిక్‌మని కొట్టించే చిన్న పరికరం. మామూలు ఫ్లాషర్ ఉన్న బండిలో ఒక వైపు 21 వాట్ల బల్బు ఒకటి పనిచేయకపోతే, లోడు (బల్బులు లాగే కరెంటు) తగ్గి ఆ వైపు ఇండికేటర్ దాదాపు రెట్టింపు వేగంతో కొడుతుంది. డ్రైవర్‌కు అదే హెచ్చరిక. ఈ బండిలో దాన్ని పీకేసి, లోడుతో సంబంధం లేకుండా ఎప్పుడూ ఒకే వేగంతో కొట్టే ఎల్‌ఈడీ ఫ్లాషర్ పెట్టారు. బండిలో ఒక్క ఎల్‌ఈడీ బల్బు కూడా లేదు, అన్నీ పాత ఫిలమెంట్ బల్బులే. ఫ్లాషర్ మాత్రం కొత్తగా మెరుస్తోంది. తెలియక పెట్టారంటే నేను నమ్మను. బాగుచేయడానికి ఒక వైరు, ఒక బోల్టు చాలు. దాన్ని వదిలేసి హెచ్చరించే సామానునే మార్చారు.

ఫ్యూజ్ బాక్స్‌లో ఇంకో ఘోరం. ఇండికేటర్ ఫ్యూజ్ కాలిపోతే దాని రెండు కాళ్లకు రాగి తీగ చుట్టి మళ్లీ గుచ్చేశారు. ఒక వైపు ముందు వెనక బల్బులు, పక్క చిన్న బల్బు కలిపితే 47 వాట్లు, 12 వోల్టుల మీద సుమారు 4 ఆంపియర్లు. నాలుగూ ఒకేసారి కొట్టినా 8 దాటదు. ఆ రాగి తీగ ఎంతకు తెగుతుందో ఎవరికీ తెలియదు, ఎక్కడైనా వైరు షార్ట్ అయితే తీగ కంటే ముందు వైరింగే అంటుకుంటుంది.

షెడ్డుకు పోయి అడిగితే "పాత బండి అంటే గట్లనే ఉంటది, ఎఫ్‌సీ ఉన్నది కదా" అన్నారు. ట్రాన్స్‌పోర్ట్ బండికి 8 ఏళ్లు దాటితే ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి, నిజమే. కానీ అది పరీక్ష చేసిన రోజు బండి ఎలా ఉందో చెబుతుంది, ఆ తర్వాత ఎవరు ఏం పీకారో చెప్పదు.

కాబట్టి బండిని చీకటి పడ్డాక చూపించమనండి. ఒప్పుకోకపోతే వెనక్కి వచ్చేయండి. హెడ్‌లైట్ వేసి, బ్రేక్ తొక్కి పట్టుకుని, కుడి ఎడమ ఇండికేటర్లు వేయండి. మీ మనిషిని వెనక నిలబెట్టండి. ఇండికేటర్‌తో పాటు బ్రేక్ లైటో టెయిల్ లైటో మిణుకుమన్నా, ఇండికేటర్ మసకబారినా ఎర్త్ పోయినట్టే. తర్వాత ముందు ఇండికేటర్ బల్బు ఒకటి తీయించి అదే వైపు ఇండికేటర్ వేయండి. టిక్ టిక్ వేగం పెరగాలి. పెరగలేదంటే ఫ్లాషర్ ఎందుకు మార్చారో అడగండి. ఫోన్‌లో టైమ్ పెట్టుకుని లెక్కపెట్టండి, నిమిషానికి 60 నుంచి 120 సార్ల మధ్య కొట్టాలి. హజార్డ్ స్విచ్ నొక్కితే నాలుగూ బాగా కొట్టి, మామూలుగా వేస్తే కొట్టకపోతే బల్బులను అనుమానించకండి, స్టీరింగ్ కింది స్విచ్ గానీ ఫ్యూజ్ గానీ చూపించుకోండి. ఫ్యూజులు ఒక్కొక్కటే బయటికి తీసి చూడండి. సిగ్గుపడాల్సిన పని లేదు, డబ్బు మీది.

రసీదు మీద "లైట్లు, ఇండికేటర్లు అన్నీ పనిచేస్తున్నాయి" అని రాయించుకుని సంతకం తీసుకోండి. సొంతంగా నడుపుకుని బతకడానికి కొన్న బండి అయితే 2019 వినియోగదారుల చట్టం కింద ఫిర్యాదు చేసే హక్కు ఉంది, జాతీయ హెల్ప్‌లైన్ నంబర్ 1915. నేను కొత్త ఎర్త్ వైరు, హోల్డర్, మామూలు ఫ్లాషర్, సరైన ఫ్యూజ్ వేయించి, విప్పిన పాత సామానంతా ఒక కవర్లో దాచి ఫోటోలు తీసి పెట్టుకున్నాను. మీకూ ఇలాగే జరిగి ఉంటే పాత సామాను మెకానిక్ దగ్గర వదిలేయకండి, సాక్ష్యం అదే.