గ్రాఫిక్స్ కార్డు వేడి, ఫ్యాన్ల మోత: వోల్టేజీ తగ్గించాలా, పేస్టు మార్చాలా, నీళ్ల కూలింగ్ పెట్టాలా?

ఎండాకాలం వచ్చిందంటే పీసీలో గేములు ఆడేవాళ్ల గోల ఒకటే: కార్డు 80 డిగ్రీలు దాటిపోతోంది, ఫ్యాన్లు హోరెత్తిస్తున్నాయి, ఏం చేయాలి? నాలుగు దారులున్నాయి. కార్డుకిచ్చే వోల్టేజీ తగ్గించడం, కార్డు విప్పి థర్మల్ పేస్టు (చిప్‌కీ, దాని వేడిని లాగే లోహపు హీట్‌సింక్‌కీ మధ్య పూసేది) మార్చడం, ఉన్న ఫ్యాన్లు తీసేసి పెద్దవి బిగించడం, నీళ్ల కూలింగ్‌కి మారడం. నా ఓటు మొదటిదానికే. పుట్టిన వేడిని బయటికి తోలడానికి తంటాలు పడేకన్నా అసలు అంత వేడి పుట్టకుండా చూసుకోవడం తేలిక. పైగా రూపాయి ఖర్చు లేదు.

ఉదాహరణకి ఎన్‌విడియా వాళ్ల ఆర్టీఎక్స్ 3080 కార్డునే తీసుకోండి. 2020లో వచ్చిన ఈ కార్డు 320 వాట్ల దాకా లాగుతుంది. ఆ 320 వాట్లూ చివరికి వేడే. కూలర్ ఎంత ఖరీదైనదైనా ఆ వేడిని చిప్ మీద నుంచి తీసి మన గదిలోనే వదులుతుంది. తలుపులేసుకుని చిన్న గదిలో రెండు గంటలు ఆడితే గది వేడెక్కుతుంది. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్ కూడా దాదాపు అన్ని డిగ్రీలూ ఎక్కుతుంది. మే నెల హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏసీ లేని గదిలో ఆడేవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఈ నాలుగింటిలో గదిలోకి వచ్చే వేడిని తగ్గించేది వోల్టేజీ తగ్గించడం ఒక్కటే.

చిప్ పనిచేయడానికి పట్టే పవర్ వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి పెరుగుతుంది. అదే వేగంలో 1.05 వోల్టుల నుంచి 0.85కి దించితే, లెక్క ప్రకారం అందులో మూడో వంతు మిగులుతుంది. మెమరీ, మిగతా సర్క్యూట్లు లాగేది అలాగే ఉంటుంది కాబట్టి మొత్తం కార్డు మీద అంత తగ్గదు కానీ తేడా చెవికి తెలిసిపోతుంది. కంపెనీలు కాస్త నాసి చిప్ కూడా తడబడకుండా నడవాలని అన్నిటికీ వోల్టేజీ ఎక్కువే పెడతాయి. ఆ అదనాన్నే మనం తీసేస్తున్నాం.

కార్డు సెట్టింగులు మార్చే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే ఒక గ్రాఫ్ వస్తుంది. అడ్డంగా మిల్లీవోల్టులు, నిలువుగా మెగాహెర్ట్జ్. ముందు గీత మొత్తాన్ని బాగా కిందికి దించండి. తర్వాత 850 దగ్గరున్న చుక్క ఒక్కదాన్నే 1750కి లేపి అప్లై కొడితే, దానికి కుడివైపున్నదంతా చదునుగా పడుకుంటుంది. ఇక కార్డు 850 మిల్లీవోల్టులు దాటదు. బెంచ్‌మార్క్ (కార్డు సత్తా కొలిచే పరీక్ష) ఒకసారి పాసైందని సంబరపడొద్దు. రే ట్రేసింగ్ (వెలుగు కిరణాల దారి లెక్కగట్టి బొమ్మ గీసే పద్ధతి) ఉన్న బరువైన గేమ్ ఒకటి గంటల తరబడి ఆడి చూడండి. మధ్యలో క్రాష్ అయితే 15 మెగాహెర్ట్జ్ చొప్పున తగ్గించుకుంటూ రండి. అంతా కుదురుకున్నాకే విండోస్‌తో పాటు ఆన్ అయ్యేలా పెట్టుకోవాలి. ఏఎండీ కార్డులకి అడ్రినలిన్ సాఫ్ట్‌వేర్‌లోనే ఆ సదుపాయం ఉంది.

వేడి తగ్గాక ఫ్యాన్ల సంగతి. ఫ్యాన్ వేగం సగానికి తగ్గితే చప్పుడు దాదాపు 15 డెసిబెల్స్ పడిపోతుంది, అందుకే కొద్దిపాటి తగ్గింపు కూడా లాభమే. నిజానికి చెవిని విసిగించేది గట్టి మోత కన్నా ఎక్కుతూ దిగుతూ ఉండే మోత. అందుకని ఫ్యాన్ కర్వ్‌ని, అంటే ఎంత వేడికి ఫ్యాన్ ఎంత వేగంగా తిరగాలో చెప్పే గీతని, మెల్లగా పెరిగేలా గీయండి. హిస్టరిసిస్ అనే సెట్టింగ్‌లో నాలుగైదు డిగ్రీలు ఇస్తే, టెంపరేచర్ ఇటూ అటూ ఊగిన ప్రతిసారీ ఫ్యాన్ తుళ్లిపడదు.

పేస్టు మార్చడం ఎప్పుడు? టెంపరేచర్లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో చిప్ టెంపరేచర్, హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటు) రెండూ చూడండి. తేడా 10, 15 డిగ్రీలుంటే పేస్టు బాగానే ఉంది, ముట్టుకోవద్దు. 25, 30 దాటితే చిప్ మధ్యలోంచి పేస్టు పక్కలకి జారిపోయి ఉండొచ్చు. అప్పుడు మామూలు పేస్టు కన్నా హనీవెల్ పీటీఎం7950 షీటు మేలు. వేడికి మెత్తబడి అతుక్కుంటుంది, పేస్టులా సులువుగా జారదు. అసలు ప్రమాదం థర్మల్ ప్యాడ్లతో, అంటే మెమరీకీ హీట్‌సింక్‌కీ మధ్య ఉండే మెత్తని ముక్కలతో. మెమరీ మీదికి అర మిల్లీమీటరు మందం ఎక్కువైన ప్యాడ్ వేస్తే హీట్‌సింక్ చిప్‌కి సరిగ్గా ఆనదు. మెమరీ చల్లబడుతుంది, చిప్ విపరీతంగా వేడెక్కుతుంది. పాత ప్యాడ్ మందం ఎంతో తెలియకుండా కార్డు విప్పకండి. స్క్రూ మీదున్న వారంటీ స్టిక్కర్ సంగతీ ముందే తేల్చుకోండి.

కార్డు మీది ప్లాస్టిక్ తొడుగు, చిన్న ఫ్యాన్లు తీసేసి హీట్‌సింక్‌కి రెండు 120 ఎంఎం ఫ్యాన్లు కట్టడం నాకు బాగా నచ్చిన పని. పెద్ద రెక్కలు నెమ్మదిగా తిరుగుతూనే అంత గాలీ తోస్తాయి. వాటిని మదర్‌బోర్డుకి కలిపి, ఫ్యాన్‌కంట్రోల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కార్డు టెంపరేచర్‌ని బట్టి తిప్పుకోవచ్చు. అయితే కార్డు మందం బాగా పెరుగుతుంది, చిన్న కేసుల్లో పట్టదు.

నీళ్ల కూలింగ్ మీద నాకు పెద్దగా మోజు లేదు. పంపు సన్నని గుయ్‌మనే శబ్దం ఎప్పుడూ ఉంటుంది, ఖర్చు బోలెడు. ప్రాసెసర్ కోసం చేసిన నీళ్ల కూలర్‌ని బ్రాకెట్‌తో కార్డుకి బిగించే రకాలైతే నీళ్లు చిప్‌ని మాత్రమే చల్లబరుస్తాయి. 3080లో ఉన్న జీడీడీఆర్6ఎక్స్ మెమరీ 110 డిగ్రీల దగ్గర వేగం తగ్గించేసుకుంటుంది, దానికి విడిగా గాలి కావాలి.

ఏ దారి పట్టినా ముందు ఒక పరీక్ష చేయండి. కేసు పక్క డోరు తీసేసి అదే గేమ్ పావుగంట ఆడండి. అయిదారు డిగ్రీలు పడిపోయిందా? అయితే తప్పు కార్డుది కాదు, కేసుది. దుమ్ము పట్టిన ఫిల్టరో, గాలి చొరని గాజు ముందుభాగమో అడ్డుపడుతోంది.

ఫ్యాన్లు నెమ్మదించాక కొన్ని కార్డుల్లో కీచుమనే సన్నని శబ్దం బయటపడుతుంది. అది కార్డులో కరెంటు సరఫరా చేసే తీగచుట్టల (కాయిల్స్) నుంచి వచ్చేది, ఏ కూలరూ దాన్ని ఆపలేదు. గేమ్ మెనూలో ఫ్రేములు వందల్లో పరుగెత్తేటప్పుడే అది ఎక్కువ. మానిటర్ 144 హెర్ట్జ్ అయితే ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో గరిష్ఠ ఫ్రేమ్ రేట్‌ని 141కి కట్టేయండి. చాలావరకు ఆ కీచూ తగ్గుతుంది, వాట్లూ తగ్గుతాయి.