థెరపీ ప్యాకేజీ కట్టబోతున్నారా? కర్నూలు వైపు అమ్మానాన్నలూ, ఆగండి

సెంటర్ పేరు రాయను. రాస్తే కేసు వేస్తానని దాన్ని నడిపే సారు ఫోన్లోనే చెప్పినాడు. ఆటిజం పిల్లల్ని పట్టుకుని కర్నూల్లో తిరిగినోళ్లకు నేను ఏ సెంటర్ గురించి చెప్తున్నానో ఎట్లాగూ తెలిసిపోతుంది. "మూడు నెలల్లో మాటలు" ఫ్లెక్సీ. అదే.

మా వాడికి నాలుగున్నర. మిగతా కథ మీకందరికీ తెలిసిందే, మీ ఇంట్లోనూ అదే జరిగింటుంది. "మగపిల్లోళ్లకు మాటలు లేటు", "మీ మామకూ ఐదేళ్లకు వచ్చినాయి", ఆ తర్వాత డాక్టరు, ఆ తర్వాత రాత్రిళ్లు యూట్యూబు. అట్ల యెమ్మిగనూరు నుంచి బస్సెక్కి ఈళ్ల మెట్లెక్కినాం. ఆటలు, భాష నేర్పించే ప్యాకేజీ అన్నారు, 60,000. మొత్తం ముందే కట్టాల. నా గాజులు బ్యాంకుకు పోయినాయి. దాని మీద "ప్లే కిట్" 8,500. ఇల్లు చేరినాక విప్పి చూస్తే చెక్క రింగులు, పూసలు, ఇంగ్లీషు ఫ్లాష్ కార్డులు. కార్డుల్లో ఇగ్లూ, అదే మంచు ఇల్లు, ఉంది. మే నెలలో కర్నూలు ఎట్ల కాలుతుందో తెలిసినోడు ఎవడైనా మా పిల్లోడికి ఇగ్లూ నేర్పుతాడా? ఆ రోజే అర్థం కావాల్సింది. చదువుకున్నదాన్ని కదా, కాలేదు.

లోపలికి తల్లిదండ్రులు రాకూడదు. మేముంటే వాడి ధ్యాస మారిపోతుందంట. కెమెరాలో చూడొచ్చా అంటే అది ఇంకా బిగించలేదంట. బయట మెట్ల మీద కూర్చునేదాన్ని. మన పిల్లలకు ఒక గదిలో నేర్చింది ఇంకో గదిలోకి దానంతటదే రాదు. అక్కడ మేడం చేతిలో కార్డు చూసి "బాల్" అన్నోడు ఇంట్లో బంతి చూసి నోరు తెరవకపోవచ్చు. అందుకే ఇంట్లోవాళ్ల ముందు నేర్పాల, ఇంట్లోవాళ్లకు నేర్పాల. తలుపేసి నేర్పేది ఏంటో ఆ దేవుడికే తెలుసు.

వీటికన్నా ఘోరం ఇంకోటి. చేరిన కొత్తల్లోనే మేడం అన్నది: "ఇంట్లో తెలుగు ఆపేయండి. రెండు భాషలు వింటే వీడు కన్‌ఫ్యూజ్ అవుతాడు. అందరూ ఇంగ్లీషే."

మా ఇంట్లో వాడితో ఎక్కువసేపు ఉండేది మా అత్త. ఆమెకు ఇంగ్లీషంటే "బస్సు", "కరెంటు". సాయంత్రం ఆమె శెనక్కాయలు ఒలుస్తుంటే మా వాడు ఎదురుగా కూర్చునేవాడు. ఒక్కో కాయ అందిస్తాడు, ఆమె చిట్లిస్తుంది, గింజలు వాడి అరచేతిలో పడతాయి. మళ్లీ కాయ. ఒక్కోసారి ఆమె కావాలని చెయ్యి ఆపేస్తుంది. వాడు కాయ వైపు చూసి, ఆమె మొహం చూసి, మళ్లీ కాయ వైపు చూస్తాడు. "ఇంకోటి కావాల్నా?" అంటుంది. "కోతి" అంటాడు. ఇంకోటి అని. వాడికున్న కాస్త మాటలూ అట్ల వచ్చినవే.

మేడం ఆర్డరు విని మా అత్త మూగనోము పట్టింది. నా మనవడి మాటలకు నేను అడ్డం కాకూడదని. వాడు కాయ అందిస్తే తీసుకునేది, చిట్లించేది, నోరు విప్పేది కాదు. కొన్నాళ్లకు వాడు రావడం మానేసినాడు. మాటలు రావాలని డబ్బు కట్టి, ఇంట్లో అందరికన్నా ఎక్కువ మాట్లాడే మనిషి నోరు మూయించినాం. మా తెలివికి ఎవరైనా సన్మానం చేయండప్పా.

తర్వాత సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీకి తీసుకపోయినాం, మేధో వైకల్యం ఉన్నోళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే సంస్థ. అక్కడ మొదట అడిగింది, ఇంట్లో వాడు ఎవరితో ఆడతాడని. శెనక్కాయల సంగతి చెప్తే ఆ మేడం రాసుకుంది. కాయ చూసి, మనిషిని చూసి, మళ్లీ కాయ చూడటాన్ని జాయింట్ అటెన్షన్ అంటారంట. నీ వంతు, నా వంతు అని ఆగడం, ఆగినప్పుడు అడగడం, ఇవి మాటకు పునాదులంట. పిల్లోడు దేంతో ఆడుతున్నాడో దాంట్లోకి మనం దూరాల గానీ మన కార్డుల్లోకి వాడిని లాగకూడదంది. తెలుగు ఎవరు ఆపమన్నారని ఆమెకే కోపమొచ్చింది. రెండు భాషల ఇళ్లల్లో పెరిగిన ఆటిజం పిల్లలు దానివల్ల మాటల్లో వెనకబడినట్టు పరిశోధనల్లో తేలలేదంట.

అసలు విషయానికి వస్తా. ప్యాకేజీ చివర్లో ఆ కర్నూలు సెంటరోళ్లు రిపోర్టు ఇచ్చినారు, కలర్ ప్రింటు. "రెండు పదాలు కలిపి అడుగుతున్నాడు. వంట సామాన్లతో నటన ఆట ఆడుతున్నాడు." ఎవరు సామీ ఈ పిల్లోడు? మా ఇంట్లో తిరిగేవాడు కాదే. మూడో పేజీలో దొరికింది. మా వాడి పేరు ఉండాల్సిన చోట ఎవరిదో పాప పేరు.

సారు రూములోకి పోయి కాగితం టేబుల్ మీద పెట్టినా. ఫోన్లోంచి తల ఎత్తకుండా "టైపింగ్ మిస్టేక్" అన్నాడు. పేరు మిస్టేకు సరే, ఆ రెండు పదాలు ఎవరివి సార్ అన్నా. అప్పుడు చూసినాడు నా వైపు.

"చూడండమ్మా, మీ వాడికి మాటలు రావని నాకు ఫస్ట్ డేనే తెలుసు. మీరు ఆశ పెట్టుకున్నారని చెప్పలేదు."

మా వాడు అక్కడే ఉన్నాడు, కుర్చీ చక్రం తిప్పుకుంటా. మాట లేని పిల్లలకు చెవులు కూడా లేవనుకుంటారేమో వీళ్లు. ఫస్ట్ డేనే తెలుసంట! ఆ ఫస్ట్ డేనే కదా నాయనా నువ్వు ఫోన్‌పే స్కానర్ నా ముందుకు జరిపింది? ఆ ఫ్లెక్సీ కింద నిలబడే కదా? ఇవేవీ అప్పుడు నోట్లోంచి రాలేదు. కళ్లనీళ్లు వచ్చినాయి, ఆయన టిష్యూ డబ్బా ముందుకు తోసినాడు. జవాబులన్నీ బస్సు కోడుమూరు దాటినాక వచ్చినాయి.

ఆయన చెప్పింది పచ్చి అబద్ధం కూడా. 2013లో పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. నాలుగేళ్లకు కూడా పదాలు కలిపి మాట్లాడని 535 మంది ఆటిజం పిల్లల్ని చూస్తే, ఆ తర్వాత 70 శాతం మందికి చిన్న వాక్యాలు వచ్చినాయి, 47 శాతం మంది ధారాళంగా మాట్లాడినారు. మా వాడు అందులో ఉంటాడో లేదో నాకు తెలీదు. ఫస్ట్ డే చూసి చెప్పే జ్యోతిష్యం మాత్రం ఎవరికీ లేదు.

డబ్బు వాపసు అడిగితే రసీదు చూసుకోమన్నాడు. చూస్తే ట్రస్టుకు "విరాళం" అని ఉంది. మేం దాతలమంట! గాజులు కుదువ పెట్టి దానం చేసిన పుణ్యాత్ములం.

మా అత్త మళ్లీ మాట్లాడుతోంది. శెనక్కాయల పళ్లెం పెట్టుకుని రోజూ పిలుస్తోంది. వాడు ఇంకా రావడంలేదు. 60,000 పోయింది, సంపాదించుకుంటాం. దీనికి రసీదు ఎవరిస్తారు?

సరే, కట్టబోయేవాళ్లు ఇవి చూసుకోండి. స్పీచ్ థెరపిస్టును సీఆర్‌ఆర్ నంబరు, అంటే రిజిస్ట్రేషన్ నంబరు, అడగండి. భారత పునరావాస మండలి, అదే ఆర్‌సీఐ, ఇచ్చేది. వాళ్ల వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. మాకు చూపించింది వర్క్‌షాపుకు హాజరైన సర్టిఫికెట్లు, ఫ్రేము కట్టించినవి. నంబరు లేకుండా ప్రాక్టీసు చేస్తే 1992 చట్టం ప్రకారం ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యి! మా ఇగ్లూ కిట్టే దానికన్నా ఖరీదు. లోపల కూర్చోనివ్వని చోట చేర్చొద్దు. ఏ నెలకానెల కట్టండి. పెద్దాసుపత్రిలో డీఈఐసీ, అంటే పిల్లల ఎదుగుదల సమస్యల్ని తొందరగా చూసే సర్కారు కేంద్రం, ఉంది, ఉచితం, ముందు అక్కడ చూపించుకోండి. వికలాంగ సర్టిఫికెట్ ఉంటే కేంద్ర ప్రభుత్వ నిరామయ ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష దాకా, థెరపీలకూ వర్తిస్తుంది. మోసపోయినోళ్లు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు.

నేను సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ ఇస్తున్నా. అదే సెంటర్‌లో కట్టినోళ్లు ఉంటే మీ రసీదులు తీసి చూడండి. మీ దాంట్లోనూ "విరాళం" అనే ఉంటే ఫోటో తీసి ఇన్‌బాక్స్‌లో పంపండి, నా అర్జీకి జత చేస్తా.