ఏటీఆర్ ఇంజిన్, ప్రొపెల్లర్: ఏళ్ల తరబడి నడిపాక నా అభిప్రాయం

హైదరాబాద్ నుంచి రాజమండ్రి, విజయవాడ, తిరుపతి, కడప వెళ్లేవాళ్లకు రెండు ప్రొపెల్లర్ల ఏటీఆర్ 72-600 బాగా తెలుసు. ఆ విమానాన్ని ఏళ్లుగా నడుపుతున్నాను. ఇక్కడ రాసేది విమానం మొత్తం గురించి కాదు. దాని పీడబ్ల్యూ127ఎం ఇంజిన్, ఆరు బ్లేడ్ల 568ఎఫ్ ప్రొపెల్లర్, వాటిని అదుపులో పెట్టే లీవర్లు, అంతే.

చుట్టాల్లో ఎవరు ఏటీఆర్ ఎక్కినా దిగగానే ఫోన్ చేసి ఒకటే అడుగుతారు: "పైకి లేచిన కాసేపటికే ఇంజిన్ సౌండ్ పడిపోయింది, ఏమైనా ప్రాబ్లమా?" ప్రాబ్లమేమీ లేదు. టేకాఫ్‌లో ప్రొపెల్లర్ 100 శాతం వేగంతో, అంటే నిమిషానికి 1200 చుట్లు తిరుగుతుంది. తగినంత ఎత్తుకు వెళ్లాక పవర్ మేనేజ్‌మెంట్ నాబ్‌ను టేకాఫ్ నుంచి క్లైంబ్‌కు తిప్పుతాం. వేగం 82 శాతానికి, దాదాపు 980 చుట్లకు దిగుతుంది. మీ చెవికి తెలిసేది ఆ తేడానే. అదే సమయంలో బ్లేడ్లు తమ కోణం పెంచుకుని ఒక్కో చుట్టుకు ఎక్కువ గాలిని వెనక్కి తోస్తాయి. పవర్ అంటే టార్క్‌ను (తిప్పే బలాన్ని) వేగంతో గుణించిన లెక్క కాబట్టి, సౌండ్ తగ్గినంత మాత్రాన లాగే శక్తి పోయినట్టు కాదు.

ఈ ఇంజిన్‌లో నాకు బాగా నచ్చింది లోపలి అమరిక. గాలిని బయటికి విసురుతూ ఒత్తిడి పెంచే రెండు సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్లు ఉంటాయి, వాటిని తిప్పడానికి చెరొక టర్బైన్, అంటే వేడి గ్యాస్ తోస్తే తిరిగే చక్రం. ఆ వెనక విడిగా రెండు దశల పవర్ టర్బైన్. దీనికీ కంప్రెసర్లకూ మధ్య ఏ షాఫ్టూ లేదు, వేడి గ్యాస్ వచ్చి తగిలితేనే ఇది తిరుగుతుంది. సుమారు 20 వేల చుట్ల దాని వేగాన్ని గేర్‌బాక్స్ 1200కు దించి ప్రొపెల్లర్‌కు ఇస్తుంది. ఇలా విడిగా ఉండబట్టే హోటల్ మోడ్ సాధ్యమైంది. ఏటీఆర్‌లో ఏపీయూ, అంటే నేల మీద కరెంటు, ఏసీ ఇచ్చే చిన్న అదనపు ఇంజిన్, లేదు. పార్కింగ్‌లో కుడివైపు ప్రొపెల్లర్‌కు బ్రేక్ వేసి, ఆ ఇంజిన్‌నే నడుపుతూ కరెంటు, ఏసీ తీసుకుంటాం. దీన్నే హోటల్ మోడ్ అంటాం. ఎండాకాలంలో విజయవాడలో ప్రయాణికులు ఎక్కుతున్నప్పుడు ఇది ఇచ్చే ఊరట చాలా పెద్దది. వెనక నుంచి గాలి గట్టిగా వీస్తే మాత్రం దీన్ని వాడలేం. ఆ ఎండ ఇంజిన్‌నూ వదలదు. ఉష్ణోగ్రత బాగా పెరిగిన రోజు టేకాఫ్ టార్క్ లెక్క తగ్గుతుంది, దానితో పాటు ఎంత బరువు మోయగలమో కూడా.

ఇక లీవర్లు. పవర్ లీవర్ ప్రధానంగా ఇంధనాన్ని చూసుకుంటుంది. ప్రొపెల్లర్‌నూ, ఇంధనం ఆపడాన్నీ చూసే కండిషన్ లీవర్‌కు నాలుగు స్థానాలు: ఫ్యూయల్ కట్, ఫెదర్ (అదేంటో కింద చెబుతాను), ఆటో, 100 శాతం. ఆటోలో పెడితే ప్రొపెల్లర్ వేగాన్ని ఎలక్ట్రానిక్ కంట్రోల్ చూసుకుంటుంది. అది ఆయిల్ ఒత్తిడితో బ్లేడ్ల కోణాన్ని క్షణక్షణం సర్దుతూ ఉంటుంది. గాల్లో మేం ప్రొపెల్లర్ గురించి ఆలోచించాల్సిన పని దాదాపు ఉండదు.

నేల మీద లెక్క వేరు. గాల్లో పవర్ లీవర్ మరీ వెనక్కి పోకుండా ఆపే అడ్డు ఐడిల్ గేట్. చక్రాల మీద బరువు పడగానే అది తెరుచుకుంటుంది, పవర్ లీవర్ ఫ్లైట్ ఐడిల్ (గాల్లో వాడే అతి తక్కువ స్థానం) దాటి గ్రౌండ్ ఐడిల్‌లోకి వస్తుంది. ఇక్కడి నుంచి లీవర్ బ్లేడ్ కోణాన్నే నేరుగా శాసిస్తుంది. బ్లేడ్ల కోణం బాగా తగ్గిందని చూపే లో పిచ్ లైట్లు రెండువైపులా వెలిగాయని పక్క పైలట్ చెప్పాలి. అప్పుడే రివర్స్, అంటే బ్లేడ్లతో విమానాన్ని వెనక్కి తోయించి వేగం తగ్గించడం. ఒక్కటే వెలిగితే రివర్స్ జోలికి వెళ్లం, ఒక పక్క బ్లేడ్లు వెనక్కి తోస్తూ మరో పక్క తోయకపోతే విమానం రన్‌వే పక్కకు లాగేస్తుంది.

నాకున్న అసలు ఆందోళన కండిషన్ లీవర్ల గురించి. ఫ్లాప్ లీవర్ (దిగేటప్పుడు రెక్కల వెనక అంచు పలకలను కిందికి దించేది) వాటి పక్కనే ఉంటుంది. 2023 జనవరి 15న నేపాల్‌లోని పొఖారాలో దిగబోతున్న ఏటీఆర్ 72-500లో ఫ్లాప్స్ అడిగితే, పక్కనున్న పైలట్ పొరపాటున రెండు కండిషన్ లీవర్లనూ ఫెదర్‌లోకి లాగారని దర్యాప్తులో తేలింది. ఫెదర్ అంటే బ్లేడ్లు ఎదురుగాలికి అంచు చూపించి నిలబడటం. ఆగిపోయిన ఇంజిన్‌కు అది ప్రాణరక్షణ, బాగున్న ఇంజిన్‌కు మరణం. ఇంజిన్లు నడుస్తూనే ఉన్నా ముందుకు లాగే శక్తి సున్నా. విమానంలోని 72 మందీ చనిపోయారు. 2015 ఫిబ్రవరి 4న తైపేలో మరో ఏటీఆర్‌లో, ఇంజిన్ పోతే దాని ప్రొపెల్లర్‌ను తనంతట తానే ఫెదర్ చేసే ఆటోఫెదర్ లోపంతో ఒక ప్రొపెల్లర్ ఫెదర్ అయితే, సిబ్బంది బాగున్న రెండో ఇంజిన్‌ను ఆపేశారు.

అందుకే కొత్తగా వచ్చే ఫస్ట్ ఆఫీసర్లకు (కో-పైలట్లకు) ఒకటే పట్టుబట్టి చెబుతాను. ఫ్లాప్ లీవర్ మీద చెయ్యి వేసే ముందు కళ్లతో చూడండి, కదిపాక ఫ్లాప్ గేజ్ చూడండి, ఆ వెంటనే టార్క్ చూడండి. టార్క్ ఒక్కసారిగా పడిపోతే ఆ చెయ్యి ఏ లీవర్‌ను కదిపిందో ముందు అదే వెతకాలి. సిమ్యులేటర్‌లో ఒక్క ఇంజిన్ పోవడాన్ని పదేపదే సాధన చేయిస్తారు. రెండూ ఫెదర్ అయిన పరిస్థితికి కూడా అంత సమయం కేటాయించాలని నా గట్టి కోరిక.

గంట లోపు దూరాలకు, తక్కువ ఇంధనంతో, ఈ జోడీకి సాటి వచ్చేది నాకు కనిపించలేదు. గోల మాత్రం ఉంటుంది. ప్రొపెల్లర్లకు దగ్గరగా ఉండే ముందు వరుసల్లో అదురు కూడా తెలుస్తుంది. సీటు ఎంచుకునే వీలుంటే వెనక్కి కూర్చోండి. తలుపు కూడా అక్కడే కాబట్టి దిగడం కూడా త్వరగా అయిపోతుంది.