ఎలక్ట్రోస్పిన్నింగా, హైడ్రోథర్మలా? మెటల్ ఆక్సైడ్ నానో నిర్మాణాలకు ఏది మేలు?

కొత్తగా పీహెచ్‌డీలో చేరినవాళ్లు, ప్రాజెక్టు చేస్తున్న ఎంఎస్సీ విద్యార్థులు తిప్పి తిప్పి అడిగే ప్రశ్న ఒకటుంది. "టైటానియం డయాక్సైడో, జింక్ ఆక్సైడో, టిన్ ఆక్సైడో నానో సైజులో చేయాలి. ఎలక్ట్రోస్పిన్నింగ్ మేలా, హైడ్రోథర్మల్ మేలా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఒకసారి రాసి పెడుతున్నాను. రెండు ముక్కల్లో చెప్పాలంటే, ఎలక్ట్రోస్పిన్నింగ్ అంటే లోహ లవణం, పాలిమర్ కలిపిన ద్రావణాన్ని సూదిలోంచి అధిక వోల్టేజీతో సన్నటి దారాలుగా లాగి, తర్వాత పాలిమర్ పోయేలా కాల్చడం. హైడ్రోథర్మల్ అంటే నీటి ద్రావణాన్ని మూసిన పాత్రలో వేడి చేసి, అందులోనే క్రిస్టల్స్ పెంచడం.

చాలామంది ముందు ఖర్చు, దిగుబడి చూస్తారు. ఆ లెక్కలో హైడ్రోథర్మల్‌దే పైచేయి, అందులో అనుమానం లేదు. టెఫ్లాన్ లైనర్ ఉన్న ఆటోక్లేవ్ (ఒత్తిడి తట్టుకునే మూత పాత్ర), 200 డిగ్రీల దాకా వెళ్లే ఓవెన్ ఉంటే పని జరిగిపోతుంది. సాయంత్రం మూత బిగించి వెళ్తే పొద్దున్నకి పౌడర్ తయారు. ఎలక్ట్రోస్పిన్నింగ్‌కి 10 నుంచి 25 కిలోవోల్టుల పవర్ సప్లై, సిరంజి పంపు, కలెక్టర్ (దారాలు వచ్చి చేరే ఫాయిల్ రేకు), ఆపైన ఫర్నేస్ కావాలి. పక్కన మనిషీ ఉండాలి. ఇంతా చేస్తే, మామూలుగా వాడే కూర్పులో 1 మి.లీ. ద్రావణం నుంచి మిగిలే టైటానియా (టైటానియం డయాక్సైడ్) 30 మి.గ్రా. అటూ ఇటూ. గంటకు అర మి.లీ. చొప్పున తోస్తే ఎనిమిది గంటలకు 120 మి.గ్రా. సూది లేకుండా, తిరిగే రోలర్ మీది నుంచి దారాలు లాగే యంత్రాలూ ఉన్నాయి గానీ మామూలు ల్యాబుల్లో కనిపించేది సూదే.

అయినా నా ఓటు ఎక్కువసార్లు ఎలక్ట్రోస్పిన్నింగ్‌కే. నేను ముందు చూసేది ఆకారం ఎక్కడి నుంచి వస్తోందన్నది.

హైడ్రోథర్మల్‌లో ఆకారాన్ని నిర్ణయించేది క్రిస్టల్ పెరిగే తీరు. జింక్ ఆక్సైడ్‌కి సి-అక్షం (క్రిస్టల్ నిలువు దిశ) వెంట పెరిగే గుణం ఉంది కాబట్టి జింక్ నైట్రేట్, హెక్సమీన్ (మెల్లగా క్షారాన్ని విడుదల చేసే రసాయనం) కలిపి 90 డిగ్రీల దగ్గర ఉంచితే ఆరు పలకల కడ్డీలు వచ్చేస్తాయి. టైటానియా అంత తేలిగ్గా లొంగదు. 1998లో కసుగా బృందం టైటానియా నానోట్యూబులు చేసింది 10 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో. అంటే ఒక్కో ఆక్సైడ్‌కి ఒక్కో రెసిపీ వెతుక్కోవాలి. అది కుదిరాక ఇంకో లోహాన్ని 3 శాతం కలిపి చూడండి. కడ్డీలు పొట్టిగా రావచ్చు, గుత్తులు కట్టవచ్చు. లేదా ఆ లోహం క్రిస్టల్‌లోకి వెళ్లకుండా నీళ్లలోనే ఉండిపోయి, కడిగినప్పుడు సింకులోకి పోవచ్చు. మీరు చూడాలనుకున్నది డోపింగ్ (అలా ఇంకో లోహాన్ని కొద్దిగా కలపడం) ప్రభావం. దానితో పాటు ఆకారమూ మారిపోతే తేడా దేనివల్ల వచ్చిందో ఎలా తేలుస్తారు? గైడ్ అడగకపోయినా పేపర్ రివ్యూ చేసేవాళ్లు అడుగుతారు.

ఎలక్ట్రోస్పిన్నింగ్‌లో దారానికి ఆకారం ఇచ్చేది పాలిమర్. 2003లో డాన్ లీ, యూనాన్ షియా అనే పరిశోధకులు టైటానియా ఇచ్చే ద్రవమైన టైటానియం ఐసోప్రోపాక్సైడ్‌ని పీవీపీ అనే పాలిమర్‌తో కలిపి దారాలు తీసి, 500 డిగ్రీల దగ్గర గాలిలో కాల్చి టైటానియా నానోఫైబర్లు చూపించారు. అదే పీవీపీలో టిన్ క్లోరైడ్ వేస్తే టిన్ ఆక్సైడ్ వస్తుంది, కోబాల్ట్ లవణం వేస్తే కోబాల్ట్ ఆక్సైడ్. లాంథనం, కోబాల్ట్ నైట్రేట్లను సమాన మోల్స్‌లో వేసి కాలిస్తే పెరోవ్‌స్కైట్ (రెండు లోహాలూ ఒకే క్రిస్టల్‌లో ఉండే ఆక్సైడ్) కూడా వస్తుంది. కడిగే పని లేదు కాబట్టి సీసాలో కలిపిన నిష్పత్తే దాదాపుగా చివరిదాకా నిలుస్తుంది. లవణం ఎక్కువైతే ద్రావణం వాహకత పెరిగి దారం మందం మారుతుంది, నిజమే. కానీ వచ్చేది దారమే.

దీనికి చెల్లించాల్సిన మూల్యం ఫర్నేస్ దగ్గర తెలుస్తుంది. ఫాయిల్ మీది నుంచి ఒలిచినప్పుడు టిష్యూ పేపర్‌లా వంగే పొర, కాల్చాక సగానికి సగం ముడుచుకుని, అంచులు పైకి చుట్టుకుని, పట్టకారు తగిలితే చాలు పొడిపొడి అవుతుంది. నిమిషానికి 1, 2 డిగ్రీలకు మించి వేడి పెంచొద్దు. అంతకన్నా ముందు సూది దగ్గరే ఇంకో తలనొప్పి. గాలిలో తేమ ఎక్కువుంటే ఐసోప్రోపాక్సైడ్ సూది మొనలోనే తెల్లగా గడ్డకట్టి, ధార ఆగిపోయి, చుక్కలు పడతాయి. ఎసిటిక్ యాసిడ్ కలిపేది ఆ గడ్డకట్టడాన్ని నెమ్మదింపజేయడానికే. తేమ 60 శాతం దాటిన రోజు నేనైతే మెషీన్ ఆన్ చేయను.

ఇక వాడకం. గ్యాస్ సెన్సార్‌కైతే రెండో ఆలోచన లేకుండా ఎలక్ట్రోస్పిన్నింగ్. కాలిన దారం అంటే 10, 20 నానోమీటర్ల గ్రెయిన్లు (చిన్న క్రిస్టల్ రేణువులు) వరసగా అతుక్కున్న గొలుసు. టిన్ ఆక్సైడ్ ఉపరితలం మీద చేరిన ఆక్సిజన్ 3 నానోమీటర్ల లోతు దాకా ఎలక్ట్రాన్లను లాగేస్తుంది. ఎసిటోన్ ఆవిరో, ఆల్కహాల్ ఆవిరో తగిలితే ఆ ఎలక్ట్రాన్లు తిరిగొస్తాయి, ఆ తేడానే సెన్సార్ సిగ్నల్. అందుకే గ్రెయిన్ చిన్నదయ్యేకొద్దీ, ముఖ్యంగా 6 నానోమీటర్ల దరిదాపుల్లోకి వచ్చేసరికి, సిగ్నల్ బాగా పెరుగుతుంది. ఇక్కడ గ్రెయిన్ల మధ్య అతుకులే మీకు పనిచేసి పెడతాయి. 700 డిగ్రీల్లో కాలిస్తే గ్రెయిన్లు పెరిగి ఆ లాభం పోతుంది. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-రేలతో క్రిస్టల్‌ని చూసే పరీక్షలో) పీకులు సన్నగా, అందంగా వచ్చాయని మురిసిపోతే సెన్సార్ మొండికేస్తుంది.

ఎలక్ట్రాన్లు ఆగకుండా పరుగెత్తాల్సిన చోట ఇవే అతుకులు అడ్డు. కండక్టింగ్ గ్లాస్ మీద నిటారుగా నిలబడిన జింక్ ఆక్సైడ్ కడ్డీలు ఒక్కొక్కటీ ఒకే క్రిస్టల్. సోలార్ సెల్‌కి అలాంటి వరస కావాలంటే హైడ్రోథర్మలే దారి. ఉపరితల వైశాల్యమే ముఖ్యమైతే కసుగా రకం ట్యూబులు గ్రాముకి 400 చదరపు మీటర్ల దాకా ఇస్తాయి, స్పిన్ చేసిన దారాలు చాలాసార్లు పదుల్లోనే ఉంటాయి. కాకపోతే ఆ ట్యూబులను 500 డిగ్రీలకు వేడి చేస్తే కూలిపోతాయి. తర్వాతి దశలో వేడి తప్పదనుకుంటే ఆ 400 అంకె చూసి ఆశపడకండి. నీళ్లలో రంగులు విరగ్గొట్టే ఫొటోకెటలిస్ట్‌కి మాత్రం, వైశాల్యం తక్కువైనా, దారాలే నయం అంటాను. సన్నటి పౌడర్‌ని నీళ్లలోంచి తిరిగి పట్టుకోవడం పెద్ద తంటా.

లిథియం అయాన్ బ్యాటరీ ఆనోడ్‌లో రెండూ నడుస్తాయి. బోలు దారాలు కావాలంటే ఒక సూదిలో ఇంకో సూది పెట్టి మధ్యలో మినరల్ ఆయిల్ పంపే పద్ధతి ఉంది, అది స్పిన్నింగ్‌కే సాధ్యం.

ఈ రెండూ కాక వేరే పద్ధతులూ ఉన్నాయి. సోల్-జెల్ డిప్ కోటింగ్ (ద్రావణంలో ముంచి తీసి పొర వేయడం) పలచటి పొరకైతే సరే, దారాలకు కాదు. సీవీడీ (ఆవిరి నుంచి పొర పెంచే) పరికరం ల్యాబ్‌లో ముందే ఉంటే వాడుకోండి, దీనికోసం కొనొద్దు. ఆనోడైజింగ్ (ద్రావణంలో ముంచిన లోహం మీద విద్యుత్తుతో ఆక్సైడ్ పెంచడం) టైటానియం రేకు మీద చక్కటి ట్యూబులిస్తుంది, రేకు మీదే ఉండిపోయినా ఫర్వాలేదనుకుంటే.

రెండు సదుపాయాలూ ఉన్నవాళ్లు ఒకదాన్నే ఎంచుకోవాలనేం లేదు. టైటానియా దారాలు స్పిన్ చేసి, వాటి మీద జింక్ ఆక్సైడ్ కడ్డీలను హెక్సమీన్ ద్రావణంలో పెంచవచ్చు. అయితే దారాలను ముందే కాల్చి ఉంచండి. పీవీపీ నీళ్లలో కరిగిపోతుంది, పచ్చి దారాలను ఆటోక్లేవ్‌లో వేస్తే మూత తీసేసరికి కడ్డీలకు ఆధారంగా ఏమీ మిగలదు.