మా రికార్డింగ్ డబ్బాతో తొమ్మిదేళ్లు

2014 దసరాకు మా ఇంట్లో రికార్డింగ్ సెట్-టాప్ బాక్స్ పెట్టించాం. ఖమ్మంలో రెండో అంతస్తు ఇల్లు, డాబా మీద డిష్, హాల్లో ఒకే టీవీ. నేను బడి నుంచి వచ్చి ట్యూషన్లు ముగించేసరికి రాత్రి ఎనిమిదిన్నర. అప్పటికి అత్తయ్య సీరియల్స్ అన్నీ చూసేసి నాకు కథ కూడా చెప్పేసేవారు. మావయ్యకేమో క్రికెట్ కావాలి. ఒకటి చూస్తూ ఇంకొకటి దాచుకోవచ్చంటే మావారు సరే అన్నారు. 2023లో దాన్ని తీసేశాం. ఈ తొమ్మిదేళ్లలో అది ఏమేం అడిగిందో, ఎంత తిన్నదో రాస్తున్నాను. కొన్న రోజు షాపులో ఇవేవీ ఎవరూ చెప్పలేదు. ఏం అడగాలో మాకూ తెలియదు.

మొదటి గొడవ తీగతోనే. బిగించడానికి వచ్చిన అబ్బాయి పాత తీగ ఒక్కటే డబ్బాకు తగిలించి, బొమ్మ చూపించి వెళ్లిపోయాడు. ఆ రాత్రి సీరియల్ రికార్డింగ్‌కు పెట్టి మ్యాచ్ తిప్పితే సిగ్నల్ లేదని వచ్చింది. ఫోన్ చేస్తే ఇంకొకతను వచ్చి వెనక చూసి నవ్వాడు. ఈ డబ్బాలో రెండు ట్యూనర్లు ఉంటాయి, ఒకటి చూడటానికి, ఒకటి రికార్డింగ్‌కు. దేనికి దానికి డిష్ నుంచి విడిగా తీగ రావాలి. కేబుల్ టీవీకి పెట్టినట్టు మధ్యలో స్ప్లిటర్ పెట్టి రెండు పాయలు చేస్తే సరిపోదా అని అడిగాను. సరిపోదట. డిష్ ముందు ముక్కులా ఉండే ఎల్‌ఎన్‌బీకి ఏ రకం సిగ్నల్ కావాలో డబ్బాయే ఆ తీగ మీదుగా 13 వోల్టులో 18 వోల్టులో పంపి చెబుతుంది. ఒకే తీగ మీద ఇద్దరు రెండు రకాలు అడిగితే అది ఎవరి మాట వినాలి? అందుకే ఎల్‌ఎన్‌బీ కూడా రెండు నోళ్లున్నది వేయాలి. దాని ఖరీదు వేరే, రెండో తీగకు మీటరు లెక్క వేరే, మనిషి వచ్చినందుకు వేరే. డబ్బా కొన్న వారానికే ఇంకో బిల్లు.

రెండు తీగలంటే కోతులకు ఊగడానికి రెండు తాళ్లు. మా వీధిలో ఉన్నవాళ్లకు ఇది జోక్‌లా అనిపించదు. రెండేళ్లలో మూడుసార్లు పీకాయి. చివరికి తీగలను పీవీసీ గొట్టంలో దూర్చి గోడకు బిగించాం. జాయింట్లలోకి వాన నీళ్లు దిగడం కూడా దాంతోనే ఆగింది. జోరువానలో సిగ్నల్ పోవడం మాత్రం ఎవరూ ఆపలేరు. టీవీ ముందు కూర్చుంటే ఆ పది నిమిషాలు విసుక్కుని ఊరుకుంటాం, రికార్డింగ్‌లో అయితే కథకు అక్కడ చిల్లు పడుతుంది.

తర్వాత కరెంటు. అత్తయ్యకు పడుకునే ముందు ఇంట్లో స్విచ్‌లన్నీ ఆపేసే అలవాటు. తెల్లవారుజామున ఐదింటికి వచ్చే ప్రవచనం తనే రికార్డింగ్ పెట్టమనేవారు, తనే స్విచ్ కట్టేసేవారు. "టీవీ ఆపితే అదెందుకు ఆడదమ్మా?" అని నన్నే అడిగేవారు. టీవీ ఆగినా పర్వాలేదు అత్తయ్యా, డబ్బా మాత్రం మేలుకుని ఉండాలి అని ఎన్నిసార్లు చెప్పానో. ఆ స్విచ్ మీద ప్లాస్టర్ అంటించాక గానీ సమస్య తీరలేదు. రోజంతా ఆన్‌లో ఉండే ఇలాంటి డబ్బా 15 వాట్లు లాగితే నెలకు దాదాపు 11 యూనిట్లు. ఇన్వర్టర్ లైన్ కూడా దీనికి ఇచ్చుకోవాల్సి వచ్చింది, వేసవిలో కరెంటు పోయేది సరిగ్గా సీరియల్ టైముకే కాబట్టి.

ఇంటర్నెట్ మాత్రం అడగలేదు. మా ఇంట్లో వైఫై లేని రోజుల్లో అదే పెద్ద సుఖం. రికార్డింగేమో టీవీలో కనిపించే కార్యక్రమాల పట్టికలో రాసిన టైము ప్రకారం నడుస్తుంది గనక మ్యాచ్ సాగితే అది సాగదు. ఒకసారి చివరి ఓవర్ రెండో బంతికి ఆగిపోయింది. మావయ్య ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు. ఆ తర్వాత ప్రతి మ్యాచ్‌కూ వెనక వచ్చే కార్యక్రమం కూడా కలిపి పెట్టేదాన్ని.

ఇక ఫీజుల సంగతి. మామూలు డబ్బా కంటే దీని ధర రెండింతలకు పైనే, అదొక్కటే ఖర్చు అనుకున్నాం. నెలనెలా రీఛార్జ్‌లో రికార్డింగ్ సర్వీసు పేరుతో 50 రూపాయల లోపు విడిగా పోతోందని నాలుగో నెలలో గమనించాను. తొమ్మిదేళ్లకు కూడితే ఇంకో డబ్బా వచ్చేది. 2019లో టీవీ ఛార్జీలకు నియమాలు పెట్టే ప్రభుత్వ సంస్థ ట్రాయ్ కొత్త పద్ధతి తెచ్చాక లెక్క కొంచెం కంటికి కనబడింది: 100 ఛానళ్ల వరకు నెట్‌వర్క్ ఫీజు 130 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో 153.40. పే ఛానళ్లకు ఇష్టమైనవి ఎంచుకుని విడిగా కట్టాలి. 2020 మార్పుతో అదే 130కి 200 ఛానళ్లయ్యాయి, ఇంట్లో రెండో టీవీకి ఆ ఫీజులో 40 శాతానికి మించి తీసుకోకూడదన్నారు. 2024లో ఆ 130 పరిమితిని కూడా ఎత్తేశారు. మేము పెట్టించిన నాటి లెక్కలు ఇప్పుడు పనికిరావు, ఎవరి బిల్లు వాళ్లు చూసుకోవాల్సిందే. అయితే ఈ నిబంధనలన్నీ ఛానళ్ల గురించే. రికార్డింగ్ రుసుము మా బిల్లులో ఎప్పుడూ మరో వరుసలోనే ఉండేది.

అమెరికాలో ఉన్న మా మరిది టీవో అనే అక్కడి రికార్డింగ్ డబ్బా వాడాడు. అక్కడ నెల చందా వద్దనుకుంటే ఒకేసారి కట్టే లైఫ్‌టైమ్ ప్లాన్ ఉండేది. లైఫ్‌టైమ్ అంటే మనిషి ఆయుష్షు కాదు, ఆ డబ్బా ఆయుష్షు. ఫోన్‌లో అతను చెబితే మావయ్య పెద్దగా నవ్వారు, "మందుల షాపువాడి గ్యారంటీలా ఉందిరా" అని.

నన్ను బాధపెట్టింది మాత్రం నెల డబ్బులు కాదు. ఒక వేసవిలో పది రోజులు హైదరాబాద్ వెళ్లొచ్చాం, ఈలోగా రీఛార్జ్ అయిపోయింది. తిరిగొచ్చి పాత రికార్డింగ్ నొక్కితే పేర్లన్నీ కనిపిస్తున్నాయి గానీ ఒక్కటీ ఆడదు, ముందు రీఛార్జ్ చేయండి అంటుంది. మా ఇంట్లో, మా కరెంటుతో, మేము కొన్న డిస్కులో ఉన్నవే. పోనీ హార్డ్ డిస్క్ విప్పి కంప్యూటర్‌కు తగిలిద్దామా అంటే అదంతా తాళం వేసిన సమాచారం, ఆ డబ్బాలో, అందులో దూర్చి ఉండే మన కనెక్షన్ కార్డుతో తప్ప తెరుచుకోదు. పక్కింటివాళ్లది యూఎస్‌బీ రకం, పెన్‌డ్రైవ్ మనమే తెచ్చుకుని పెట్టాలి. వాళ్లకూ ఇదే కథ. పైగా ఆ రికార్డింగ్ సదుపాయం తెరవడానికి కూడా కట్టారు.

2016 శ్రీరామనవమికి మావయ్య భద్రాచలం వెళ్లారు. మిథిలా స్టేడియంలో కల్యాణం టీవీలో వస్తుంటే ఊరికే రికార్డింగ్ పెట్టాను. తలంబ్రాల సమయంలో కెమెరా జనం మీదికి తిరిగినప్పుడు, తెల్ల కండువాతో చేతులు జోడించి మావయ్య. ఐదారు సెకన్లు. ఇంటికొచ్చాక ఎంతమందికి చూపించారో లెక్కలేదు. 500 జీబీ డిస్కు నిండినప్పుడల్లా ఏవేవో చెరిపాం గానీ దాన్ని ముట్టుకోలేదు.

2021లో డబ్బాలోంచి టిక్ టిక్ మని చప్పుడు మొదలైంది. డిస్కు పోయే ముందు అలా కొట్టుకుంటుందని చూడటానికి వచ్చిన డిష్ కుర్రాడు చెప్పాడు. డబ్బా మారిస్తే పాతవన్నీ పోతాయన్నాడు, కాపీ చేసే దారి లేదన్నాడు. ఆ రాత్రే కల్యాణం పెట్టి, టీవీకి ఎదురుగా ఫోన్ పట్టుకుని ఆ ముక్క వీడియో తీశాను. మావయ్య అప్పటికి లేరు. బొమ్మ కొంచెం వంకరగా వచ్చింది, ఫ్యాన్ చప్పుడు ఉంది, చివర్లో అత్తయ్య "ఇంకోసారి వెనక్కి తిప్పమ్మా" అన్న మాట కూడా పడింది.